కారు కిందికి దిగితే ఇజ్జత్ పైకి రాదు



సూటిగానే చెప్తాను. మన మొహల్లాల్లో కారు స్ప్రింగులు గ్యాస్ కటింగుతో కోయించి, "ఉస్తాద్ రేస్ కారు చేసిచ్చాడు" అని చెప్పుకునే షౌక్ ఒకటి నడుస్తోంది. అది షౌక్ కాదు, జాన్‌తో ఆడే జూదం. ఇంకో షౌక్ కాస్త పైసలున్న పిల్లలది. కిస్తుల మీద చవక కాయిలోవర్ సెట్ తెచ్చి బిగించడం, ఫొటో పెట్టడం, కింద వచ్చిన మాషా అల్లాలు లెక్కపెట్టుకోవడం. అది ఇస్రాఫ్. ఈ రెండింటికీ నేను ఖిలాఫ్. కానీ ట్రాక్ మీద కారు తోలాలన్న పిల్లల ఖ్వాహిష్‌కి నేను ఖిలాఫ్ కాదు. ఈ ఫరఖ్ మన ఇళ్లలో పెద్దలకూ తెలియడం లేదు, పిల్లలకూ తెలియడం లేదు. పెద్దలు మొత్తం షౌక్‌నే తిడతారు. పిల్లలు తిట్లు తప్పించుకుని రాత్రి రెండింటికి రింగ్ రోడ్డెక్కుతారు.

ముందు అసలు సవాల్ అడుగుదాం. సస్పెన్షన్ ఎందుకు? కారు అందంగా కనిపించడానికి కాదు. గట్టిగా ఉండటానికీ కాదు. రోడ్డుని పట్టుకునేది టైరు. నాలుగు టైర్లూ రోడ్డుని తాకే చోటు ఒక్కొక్కటి అరచేయంత. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, కుండపోత వానలో ఆపాలన్నా కారు బరువంతా ఆ నాలుగు అరచేతుల మీదే. వాటిని రోడ్డు వదలకుండా చూడటమే సస్పెన్షన్ ఖిద్మత్. స్ప్రింగు బరువు మోస్తుంది, గుంత వస్తే నొక్కుకుంటుంది. నొక్కుకున్న స్ప్రింగు ఊరికే ఉండదు, తిరిగి ఎగురుతుంది. ఆ ఎగురుడుని తాగేసేది షాకబ్జర్. ఒకటి మోస్తుంది, ఇంకొకటి ఆపుతుంది. మియా బీవీ లాగా రెండూ ఒకరికొకరు సరిపోవాలి. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరిచిపోతే ఆ ఇల్లు నిలవదు.

ఇప్పుడు స్ప్రింగు కోసేవాళ్ల హిసాబ్ చూద్దాం. మామూలు హ్యాచ్‌బ్యాక్ ముందు చక్రం మీద 320 కిలోల బరువు ఉందనుకోండి. స్ప్రింగు మిల్లీమీటరుకు 2 కిలోలది. అంటే ఆ బరువుకి అది 160 మిల్లీమీటర్లు నొక్కుకుని నిలబడుతుంది. స్ప్రింగులో పనిచేసే చుట్లు ఆరు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 55 మిల్లీమీటర్లు. ఉస్తాద్ ఒకటిన్నర చుట్టు కోసేశాడు. మిగిలింది నాలుగున్నర. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, ఇప్పుడది మిల్లీమీటరుకు సుమారు 2.7 కిలోలది. కారు 42 మిల్లీమీటర్లు కిందికి దిగింది. పిల్లవాడు ఖుష్, ఉస్తాద్ ఖుష్.

ఇక మిగిలిన లెక్క ఎవరూ చూడనిది. కంపెనీ ఆ చక్రానికి పైకి కదలడానికి 80 మిల్లీమీటర్లు ఇచ్చిందనుకుంటే, ఇప్పుడు మిగిలింది 38. గట్టిదనం పెరిగింది మూడో వంతు, కదిలే చోటు పోయింది సగం పైగా. కాబట్టి కొంచెం పెద్ద గుంత వచ్చినా, ట్రాక్ మీద కెర్బ్ ఎక్కినా సస్పెన్షన్ చివరిదాకా వెళ్లి బంప్ స్టాప్ రబ్బరుని గుద్దుతుంది. ఆ క్షణంలో మెత్తటి స్ప్రింగు రాయిలాగా అయిపోతుంది, టైరు పట్టు తప్పుతుంది. మలుపు మధ్యలో ముందు చక్రానికి అలా జరిగితే కారు నేరుగా పోతుంది. వెనక చక్రానికి జరిగితే గిర్రున తిరుగుతుంది.

ఇంకా ఉంది. అదే లెక్కలో చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు, అంటే కారు ఎగిరినప్పుడు గానీ జాకీ ఎత్తినప్పుడు గానీ, స్ప్రింగు తన సీటులో వదులైపోతుంది. కంపెనీ స్ప్రింగు ఎప్పుడూ కొంత నొక్కుడు మీదే ఉండేలా చేస్తుంది. కోసిన స్ప్రింగుకి ఆ హామీ లేదు. దిగినప్పుడు అది సీటులో సరిగ్గా కూర్చుంటుందా, పక్కకి తిరిగి కూర్చుంటుందా? అల్లాకే మాలూమ్. దాని మీద గ్యాస్ మంట. స్ప్రింగు ఉక్కుకి బలం వచ్చేదే వేడి చేసి, చల్లార్చి, పదును పెట్టిన తీరు వల్ల. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. తర్వాత అది కుంగుతుంది, లేదా ఒకరోజు విరుగుతుంది. ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ లేదు.

"కానీ భాయ్, కారు కిందికి ఉంటే మలుపులో ఒరగదు కదా" అంటారు. ఇది సగం ఇల్మ్. స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటి కార్లకు ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. కింద లోయర్ ఆర్మ్, దాని చివర చక్రం. కారుని దించితే ఆ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే ఒరిగించే బలం పెరుగుతుంది. అంటే ఎక్కువ దించిన కారు, స్ప్రింగులు అందుకు తగ్గట్టు గట్టివి కాకపోతే, ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. పైగా ఆర్మ్ ఆ కోణంలో ఉన్నప్పుడు చక్రం పైకి నొక్కుకుంటే టైరు బయటి అంచు మీదికి వాలుతుంది. నాలుగు ట్రాక్ సెషన్లకే బయటి భుజాలు అరిగిన టైర్లు చూసి "ఈ కంపెనీ టైర్లు బేకార్" అంటారు. టైరుకి జబాన్ ఉంటే ఎవరు బేకారో అది చెప్పేది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మన పిల్లలు ఆ కార్లు నేలకి ఆనుకుని పోవడం కళ్లారా చూశారు. చూసింది ఎత్తు, చూడనిది లెక్క. ఆ కారుని ఆ ఎత్తులోనే నడవాలని మొదటి గీత నుంచీ డిజైన్ చేశారు. ఆర్ములు, స్ప్రింగులు, షాకబ్జర్లు, టైర్లు అన్నీ ఆ ఎత్తుకే కూర్చారు. మన కారుని 160, 170 మిల్లీమీటర్ల ఎత్తుకి, మన గుంతలకి, మన స్పీడ్ బ్రేకర్లకి డిజైన్ చేశారు. అదే రేసింగ్‌లో ర్యాలీ కార్లు చూడండి, ఎత్తుగా ఉంటాయి, వాటి చక్రాలు బోలెడు దూరం కదులుతాయి. వాటికన్నా గట్టిగా తోలేవాళ్లు ఎవరు? ఎత్తు తక్కువ కావడం రేస్ కారు నిషానీ కాదు. చక్రం రోడ్డుని వదలకపోవడమే నిషానీ.

ఇక కాయిలోవర్ల సంగతి. మంచి కాయిలోవర్ మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు దిఖావా కాయిలోవర్ మీద. చవక సెట్లలో స్ప్రింగు మిల్లీమీటరుకు 6, 7 కిలోలది రావడం మామూలే. మన 320 కిలోల చక్రానికి 7 కిలోల స్ప్రింగు వేస్తే కారు సెకనుకు 2.3 సార్లు ఊగే గట్టిదనానికి వస్తుంది. కంపెనీ కారు 1.25 దగ్గర ఉంటుంది. రెండు దాటిన గట్టిదనం స్లిక్ టైర్లు వేసుకుని, నున్నటి ట్రాక్ మీద మాత్రమే నడిచే కార్లది. మామూలు రోడ్డు టైర్లతో అది టైరుని రోడ్డు మీద పట్టి ఉంచదు, రోడ్డు మీద ఎగిరిస్తుంది. "ముప్పై రెండు క్లిక్కుల అడ్జస్ట్‌మెంట్" అని డబ్బా మీద రాసి ఉంటుంది. తిప్పేది ఒకే మీట. అది నొక్కుడునీ ఎగురుడునీ ఒకేసారి మార్చేస్తుంది. తిప్పేవాడికి ఏది ఎంత మారిందో తెలీదు.

అమ్మేవాడిని ఐదు సవాళ్లు అడగండి. ముందు, వెనక స్ప్రింగు గట్టిదనం ఎంత? షాకబ్జర్ మొత్తం ఎంత దూరం కదులుతుంది? ఎత్తు మార్చేది స్ప్రింగు ప్లేటు తిప్పా, కింది బ్రాకెట్ తిప్పా? ప్లేటు తిప్పి దించితే చక్రం కదిలే చోటు తగ్గిపోతుంది, బ్రాకెట్‌తో దించితే తగ్గదు. షాకబ్జర్ గ్రాఫ్ ఉందా? లీకైతే విప్పి బాగుచేసే పార్టులు దొరుకుతాయా? ఐదింటిలో మూడింటికి జవాబ్ లేకపోతే సలాం చెప్పి బయటికి రండి. రంగు చూసి కొనడానికి అది షేర్వానీ కాదు.

మన తెలుగు పిల్లలకి ఇంకో ముష్కిల్ ఉంది. దాన్ని విదేశీ వీడియోలు చెప్పవు. అక్కడ ట్రాక్ కారుని ట్రెయిలర్ మీద తీసుకెళ్లేవాళ్లుంటారు. మన బడ్జెట్‌లో ట్రెయిలర్ ఎక్కడిది? కారే మనల్ని ట్రాక్‌కి తీసుకెళ్లాలి, కారే ఇంటికి తేవాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి చెన్నైకి 630 కిలోమీటర్ల దాకా ప్రయాణం. పోనూ రానూ 1250. కోయంబత్తూరు కారీ మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే, దారి ఇంకా దూరం. ట్రాక్ మీద రోజంతా తోలినా వంద కిలోమీటర్లు దాటడం కష్టం. అంటే ఆ సఫర్‌లో మీ సస్పెన్షన్ చేసే పనిలో పది వంతుల్లో తొమ్మిది వంతులు హైవే మీదే, లారీల మధ్యే, రాత్రి వేళే. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు అలిసిపోయి ఉంటాడు, టైర్లు అరిగి ఉంటాయి. ఆ టైములో గుంతకి ఎగిరే కారు కావాలా, నిలబడే కారు కావాలా? ట్రాక్ కోసం ఎంచుకునే సస్పెన్షన్ ముందు ఈ 1250 కిలోమీటర్ల ఇమ్తెహాన్ పాస్ కావాలి.

మరి ఏం చేయాలి? తర్తీబ్ ఉంది. నమాజుకి ముందు వుజూ ఉన్నట్టు, దీనికీ ముందూ వెనకా ఉంది.

మొదట అరిగినవి మార్చండి. సెకండ్ హ్యాండ్ కారు లక్ష కిలోమీటర్లు తిరిగి ఉంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు పగిలి ఉంటాయి, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, స్ట్రట్ పైన బేరింగులు వదులై ఉంటాయి. బుష్ పగిలిన కారుకి ఏ కాయిలోవర్ వేసినా అది నఖ్లీ పళ్ల మీద మిస్వాక్. షాకబ్జర్ ఒంటి మీద నూనె తడి ఉంటే అది పోయినట్టే. ఇందులో ఫొటోకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. అందుకే ఎవరూ చేయించరు.

తర్వాత బ్రేకులు, టైర్లు. వేడిని తట్టుకునే ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. పాత ఆయిల్‌లో నీరు చేరి ఉంటుంది, ట్రాక్ మీద అది మరిగి ఆవిరైతే పెడల్ నేలదాకా పోతుంది. నాలుగూ ఒకే రకం, పట్టున్న టైర్లు. బడ్జెట్ కారులో టైరుని మించిన సస్పెన్షన్ లేదు.

మూడోది అలైన్‌మెంట్. ముందు చక్రాలు పైన కొంచెం లోపలికి వాలేలా, అంటే నెగెటివ్ క్యాంబర్ ఒకటిన్నర, రెండు డిగ్రీల దాకా. చాలా కార్లకు దీన్ని క్యాంబర్ బోల్టులతో కొంతవరకు తేవచ్చు. ట్రాక్‌కి వెళ్లేటప్పుడు ఒక సుద్దముక్క జేబులో వేసుకోండి. టైరు అంచు మీద నిలువు గీత గీయండి. సెషన్ అయ్యాక గీత ఎంతవరకు చెరిగిందో చూడండి. టైరు పక్క గోడ దాకా చెరిగితే గాలి తక్కువ, లేదా క్యాంబర్ చాలదు. లక్ష రూపాయల కిట్ చెప్పని నిజం ఆ సుద్దముక్క చెప్తుంది.

నాలుగోది, ఇప్పుడు మాత్రమే, కొత్త షాకబ్జర్లు, వాటితో జత కుదిరిన స్ప్రింగులు. 2 కిలోల స్ప్రింగు ఉన్నచోట 3 కిలోలది, షాకబ్జర్ దానికి సరిపోయేది. గట్టిదనం 1.5 దగ్గరికి వస్తుంది. ట్రాక్ మీద కారు మాట వింటుంది, హైవే మీద నడుము విరగదు. దించడం 20, 25 మిల్లీమీటర్లు దాటొద్దు. అదీ ఆ స్ప్రింగుని ఆ కారుకే తయారుచేసి ఉంటేనే.

ఐదోది వెనక వైపు. ముందు చక్రాలు లాగే కార్లు మలుపులో నేరుగా పోవాలని చూస్తాయి. వెనక కొంచెం గట్టిచేస్తే ముందు తిరుగుతుంది. ఇది నిజమే. కానీ ఎక్కువ చేస్తే మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీసిన కొత్త పిల్లవాడి వెనక భాగం ముందుకొస్తుంది. నేరుగా పోయే కారు కొత్తవాడిని క్షమిస్తుంది, వెనక తిరిగే కారు క్షమించదు. కాబట్టి కొంచెం, సబర్‌తో, తజుర్బా వచ్చాకే.

కాయిలోవర్ అన్నిటికన్నా చివర. పది ట్రాక్ డేలు తోలి, ఫలానా మలుపులో ఫలానా కారణంతో కారు నన్ను ఆపుతోంది అని సొంతంగా చెప్పగలిగిన రోజు కొనండి. అంతకు ముందు ఆ పైసలతో ట్రాక్ ఎంట్రీ ఫీజులు కట్టండి. తోలడం నేర్చుకున్నవాడు కంపెనీ సస్పెన్షన్‌తో కూడా నేర్చుకోనివాడి కాయిలోవర్ కారుని దాటేస్తాడు.

ఇక పెద్దలకి. అబ్బాలూ, చాచాలూ, మీ నారాజ్‌గీ నాకు అర్థమవుతుంది. "ఈ రేసులు మనకెందుకు, చదువుకోక" అంటారు. కానీ ఇన్సాఫ్‌గా చూడండి. వలీమాలో ఐదు రకాల మీఠా పెట్టడానికి ఖర్జా తీసుకున్నప్పుడు ఇస్రాఫ్ గుర్తురాదు. పిల్లవాడు కొత్త షాకబ్జర్లు అడిగితే గుర్తొస్తుంది. వాడు తన కమాయీతో ట్రాక్‌కి పోతానంటే, అక్కడ హెల్మెట్ తప్పనిసరి, ఎదురు బండి రాదు, అడ్డంగా పిల్లలు పరిగెత్తరు, అంబులెన్స్ నిలబడి ఉంటుంది. వద్దంటే వాడు షౌక్ మానడు, చోటు మారుస్తాడు. పబ్లిక్ రోడ్డు మీద రేసు పెట్టడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద జుర్మ్. చట్టం సంగతి పక్కన పెట్టండి. రోడ్డు మీద ఫజర్‌కి వెళ్లే ముసలాయనకి ఈ పోటీతో ఏం సంబంధం? ఆయన జాన్ హఖ్కుల్ ఇబాద్ కాదా?

చట్టం పిల్లలు కూడా తెలుసుకోవాలి. అదే చట్టం సెక్షన్ 52 బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మామూలు కారు ఇన్సూరెన్సు పాలసీ రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించదు. ట్రాక్ మీద కారు గోడని గుద్దితే ఆ ఖర్చు మీదే. ఆ ఖర్చు తట్టుకోలేని కారుని ట్రాక్ మీదికి తీసుకెళ్లొద్దు. రోడ్డు మీద కూడా నడవాల్సిన కారుని కంపెనీ కొలతలకు దగ్గరగా ఉంచమని నేను మొండిగా చెప్పడానికి ఇదీ ఒక వజహ్.

చివరి మాట మన ఉస్తాద్‌లకి. ఈ షెడ్లలో పానా పట్టిన చేతుల్లో మనవాళ్లవి చాలా. ఇంజిన్ చప్పుడు విని బీమారీ చెప్పగల హునర్ మీది. ఆ హునర్ మీద మాకు గర్వం. అందుకే అడుగుతున్నా. మీ సొంత కొడుకు నడిపే కారు స్ప్రింగుని గ్యాస్‌తో కోస్తారా? కొయ్యరు. మరి ఎవరి కొడుకుదో కోయడానికి చేయి ఎలా వస్తుంది? "గిరాకీ అడిగాడు, చేశాను" అంటారు. డాక్టర్ దగ్గరికెళ్లి జహర్ అడిగితే ఇస్తాడా? గిరాకీ కారు మీ చేతికిచ్చి వెళ్లాడంటే అది అమానత్. ఒంటెను కట్టాకే తవక్కుల్ అని నేర్చుకున్న కౌమ్ మనది, తాడు కోసేసి ఇన్షా అల్లా అనడం మన తరీఖా కాదు.

ఈ జుమా తర్వాత ఎవరైనా పిల్లవాడు స్ప్రింగులు కోయించుకోవడానికి షెడ్డుకొస్తే, ఉస్తాద్ చేయాల్సింది ఒక్కటే. కారుని జాకీ మీద ఎత్తి, పగిలిన బుష్ చూపించి, "ముందు ఇది మారుద్దాం బేటా" అనాలి. ఆ పనికీ మజూరీ ఉంది, అది హలాల్ మజూరీ. కోయడానికి మాత్రం నహీ అనండి. నాలుగు షెడ్లు నహీ అంటే ఈ తమాషా ఆగిపోతుంది.